అరండల్‌పేటలో కారు తాళం చెవులు చేసే దుకాణం: అయిదుకు నాలుగు నక్షత్రాలు

గుంటూరులో కారు తాళం చెవితో తిప్పలు వస్తే ఎవరిని పిలవాలని అడిగినవారందరికీ నేను ఈ దుకాణం పేరే చెబుతున్నాను. ఇద్దరు నిలబడితే మూడోవారికి చోటు చాలని చిన్న గది అది. గోడ నిండా కోయని తాళం చెవులు మేకులకు వేలాడుతుంటాయి. చూడగానే నమ్మకం కలిగించే హంగేమీ లేదు. దుకాణం నడిపే భాయ్ పని చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

మాది 2014 నాటి స్విఫ్ట్, డీజిల్ బండి. మా మామగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. తెల్లవారుజామునే ఆస్పత్రికి చేరకపోతే ఆయన మంచం వంతు వెనక్కి పోతుంది. ఆ రోజు తాళం తిప్పితే సెల్ఫ్ దివ్యంగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. మావారు ఆయనను ఆటోలో తీసుకెళ్లారు. నేను వీధి చివరి మెకానిక్‌ను పిలిపించాను. ముందు డీజిల్ ఫిల్టర్ అన్నాడు, కాసేపటికి పంపు అన్నాడు, చివరికి బండిని షెడ్డుకు లాక్కెళ్లి అంతా విప్పి చూడాలన్నాడు. ఎదురింట్లో ఉండే ట్యాక్సీ డ్రైవర్ అది విని, ‘విప్పించకండి, ముందు ఈయనతో మాట్లాడండి’ అని నంబరు ఇచ్చాడు.

దుకాణం భాయ్ ఫోనులోనే అడగవలసినవి అడిగారు. సెల్ఫ్ తిరుగుతోందా? తాళం తిప్పినప్పుడు మీటర్ల దగ్గర తాళం చెవి గుర్తున్న దీపం మిణుకుమిణుకుమంటోందా? ఈమధ్య తాళం చెవికి ఏమైనా చేయించారా? చేయించాం. పైకవరు పగిలిపోతే మావారు ముందురోజు సాయంత్రం స్కూటరు మీద బజారుకు వెళ్లి ఒక దుకాణంలో కొత్తది వేయించుకొచ్చారు. ఆ తర్వాత కారు తీయలేదు. ‘పాత కవరు పారేయకండమ్మా, నేను వచ్చేదాకా అలాగే ఉంచండి’ అన్నారు. పగిలిన ముక్కలను ఆ దుకాణంవాళ్లు ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చారు కాబట్టి సరిపోయింది.

ఆయన రాగానే బానెట్ మీద గుడ్డ పరిచి, పాత కవరు ముక్కలను దాని మీద పోశారు. ఒక ముక్క మూలలో, చింతగింజలో సగం ఉండే నల్లటి పలుకు బంకతో అతుక్కుని ఉంది. సన్నటి మొనతో దాన్ని మెల్లగా ఊడదీసి, తాళం పెట్టే చోట రెండు వేళ్లతో ఆనించి పట్టుకుని, ‘ఇప్పుడు తిప్పండమ్మా’ అన్నారు. తిప్పగానే ఇంజన్ అందుకుంది.

ఆ నల్లటి పలుకే ఇమ్మొబిలైజర్ చిప్. దానికి బ్యాటరీ ఉండదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే దానికి కరెంటు అందుతుంది, తన సంకేతాన్ని అది తిరిగి పంపుతుంది. ఆ సంకేతం కారు కంప్యూటర్ గుర్తుపెట్టుకున్నదానితో కలవకపోతే ఇంజన్‌ను నడవనివ్వదు. తాళం చెవిలోని రిమోట్‌లో వేసే బిళ్ల బ్యాటరీ తలుపులు తెరవడానికే. కవరు మార్చినవారు రిమోట్ బోర్డును కొత్తదాంట్లోకి మార్చి, చిప్‌ను పాతదాంట్లోనే వదిలేశారు. రిమోట్ నొక్కితే తలుపులు టక్కున తెరుచుకుంటుంటే తాళం చెవిని ఎవరు అనుమానిస్తారు?

నేను మెచ్చింది ఇక్కడే. ఆయన తలుచుకుంటే కొత్త తాళం చెవి చేయాలని చెప్పి వేలల్లో తీసుకోవచ్చు, నేను కిమ్మనకుండా ఇచ్చేదాన్ని. చిప్‌ను కొత్త కవరులో అమర్చి, ఇంటికి వచ్చినందుకూ కలిపి 400 రూపాయలు తీసుకున్నారు.

మేము కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఒక్క తాళం చెవే ఇచ్చారు. రెండోది చేసిపెట్టమని నేనే అడిగాను. బండితో పాటు ఆర్‌సీ, ఆధార్ తీసుకుని దుకాణానికి రమ్మన్నారు. ఆ కాగితాలు చూసి పుస్తకంలో రాసుకున్నాకే పని మొదలుపెట్టారు. తనిఖీ లేకుండా ఎవరికి పడితే వారికి కారు తాళం చేసిచ్చే చోటికి నేనైతే వెళ్లను. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కు యంత్రం తగిలించి, పాత తాళం చెవిని, కొత్తదాన్ని రెండింటినీ నమోదు చేశారు. 3,500 రూపాయలు అయింది. కారు పోతే బీమా కంపెనీలు రెండు తాళం చెవులూ అడుగుతాయని, పాతవి ఏవీ పారేయవద్దని చెప్పారు.

మీది బటన్ నొక్కి స్టార్ట్ చేసే బండి అయితే, రిమోట్ బ్యాటరీ అయిపోయినప్పుడు ఎవరినీ పిలవకముందే రిమోట్‌ను ఆ బటన్‌కు ఆనించి స్టార్ట్ చేసి చూడండి. చాలా మోడళ్లలో పనిచేస్తుంది. తలుపు తెరవడానికి రిమోట్ లోపలే సన్నటి లోహపు తాళం చెవి ఉంటుంది. ఇదీ ఆయన చెప్పిందే.

ఒక నక్షత్రం ఎందుకు తగ్గించానంటే, అచ్చు బిల్లు ఇవ్వరు. రెండో తాళం చెవి రిమోట్‌కు మూడు నెలల గ్యారంటీ అని నోటిమాటగా అన్నారు, నేను అడిగాకే చీటీ మీద రాసిచ్చారు. ఆదివారం ఫోను ఎత్తరు. ఖరీదైన విదేశీ కార్లు తన వల్ల కావని మొహమాటం లేకుండా చెప్పేస్తారు, అది నాకు లోపమనిపించలేదు. దుకాణం ముందు బండి నిలిపే చోటు లేదు కాబట్టి ఉదయం పదిన్నరలోపే వెళ్లండి. ఆర్‌సీతో పాటు మీ దగ్గరున్న తాళం చెవులన్నీ, పగిలిన కవర్లతో సహా తీసుకెళ్లండి.