ఉప్పు దగ్గరున్న జాగ్రత్త గోల్కొండ దగ్గర లేదు

ఇంగ్లిష్ నుడికారాల యాప్‌లు బోలెడున్నాయి. అర్థం, ఉదాహరణ ఎందులోనైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఏటా డబ్బు కట్టి ఈ ఒక్క యాప్‌నే వాడుతున్నది ప్రతి మాట కింద ఉండే ‘పుట్టుక’ ట్యాబ్ కోసం. కోచింగ్ సెంటర్లో పాఠం చెప్పేవాడిని, కథ లేకపోతే మధ్యాహ్నం బ్యాచ్‌కి కళ్ళు మూతలు పడతాయి.

ఆ కథ పక్కన ఒక చుక్క ఉంటుంది. ఆధారముంటే పచ్చ, అనుమానముంటే పసుపు, పుక్కిటి పురాణమైతే ఎరుపు. ‘వర్త్ వన్స్ సాల్ట్’ (తీసుకునే జీతానికి తగినవాడు అని అర్థం) తీసుకోండి. రోమన్ సైనికులకు జీతం కింద ఉప్పు ఇచ్చేవారని గైడ్లన్నీ రాస్తాయి. ఇందులో దానికి ఎర్ర చుక్క. శాలరీకి మూలమైన లాటిన్ మాటలో ఉప్పు ఉన్నమాట నిజమే గానీ, సైనికులకు ఉప్పు కొలిచి ఇచ్చినట్టు ఆనాటి రచనల్లో ఎక్కడా లేదని వివరం. ‘రిచ్ యాజ్ క్రీసస్’కి పచ్చ. క్రీ.పూ. 6వ శతాబ్దపు లిడియా రాజు, రాజధాని ఇప్పటి తుర్కియేలోని సార్డిస్, బంగారం శుద్ధి చేసిన కొలుములు అక్కడి తవ్వకాల్లో బయటపడ్డాయి. పురాణంలో ముట్టుకున్నదల్లా బంగారమయ్యే మైడాస్ రాజు తన శాపం కడుక్కున్నదీ, క్రీసస్‌కి బంగారు రజను దొరికిందీ పాక్టోలస్ అనే ఒకే ఏట్లో. ‘మైడాస్ టచ్’ నుంచి ఇక్కడికి లింకు ఇచ్చినవాడికి దండం పెట్టాలి. అప్పట్లో ఐదు స్టార్లు ఇచ్చింది ఇవి చూసే.

తర్వాత ‘గోల్కొండ’ ఎంట్రీ తెరిచాను. అంతులేని సంపదనిచ్చే చోటుని ఇంగ్లిష్‌లో గోల్కొండ అంటారు, అమెరికాలో ఆ పేరుతో ఊళ్ళు కూడా ఉన్నాయి. అర్థం సరిగ్గానే రాశారు. పుట్టుకలో మాత్రం ‘హైదరాబాద్‌లోని గోల్కొండ కోట గనుల్లో దొరికిన వజ్రాల వల్ల’ అని ఒక్క ముక్క, పక్కన నిగనిగలాడే పచ్చ చుక్క!

కోట దగ్గర గని ఎక్కడుంది? అది వజ్రాలకు బజారు. గనులు కృష్ణ ఒడ్డున, పల్నాడు వైపు కొల్లూరులో ఉండేవి. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచ్ వర్తకుడు తావెర్నియే ఆడ, మగ, పిల్లలు కలిపి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మద్రాసు గవర్నర్ థామస్ పిట్ కొన్న 410 క్యారెట్ల రాయిది కూడా కొల్లూరేనంటారు. 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మాడు, ఇప్పుడది పారిస్ లూవ్ర్‌లో ఉంది. ఇదంతా క్లాసులో చెబుతుంటే వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, “సార్, మా అమ్మమ్మ వాళ్ళది ఆ పక్క ఊరే. పులిచింతల నీళ్ళలో పోయింది, కొల్లూరుతో పాటే” అంది. బ్యాచ్ మొత్తం అటు తిరిగింది. ఆ రోజు మిగతా నుడికారాలు సాగలేదు.

యాప్ వాళ్ళకి ఇదంతా వివరంగా రాశాను. ‘మీ అమూల్యమైన సూచనకు ధన్యవాదాలు’ అని జవాబు. కొన్ని అప్‌డేట్ల తర్వాత చూస్తే నిజంగానే మార్చారు: ‘హైదరాబాద్‌లోని’ తీసేసి ‘తెలంగాణలోని’ అని పెట్టారు. కోట గనులు అలాగే ఉన్నాయి, పచ్చ చుక్కా అలాగే ఉంది. మళ్ళీ రాసే ఓపిక లేక ఊరుకున్నాను.

అప్పటినుంచి ‘నాబాబ్’ (మన నవాబే) లాంటి మన వైపు మాటలు వస్తే చుక్క రంగు చూడటం మానేసి విడిగా వెతుక్కుంటున్నాను. గ్రీకు, రోమ్ కథలకు ఇప్పటికీ ఇదే తెరుస్తాను, రెన్యూవల్ కూడా చేయించాను. అందులో సగం డబ్బు సెంటర్ వాళ్ళు ఇచ్చారు లెండి, సొంత జేబులోంచి మొత్తం పెట్టాల్సి వస్తే ఏం చేసేవాడినో. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్ళకి అర్థాలు చాలు, అవి ఫ్రీ వెర్షన్లోనే వస్తాయి. స్టార్లు మాత్రం ఐదు నుంచి మూడుకి దించాను.