పెంచలకోన, భైరవకోన, మైపాడు: చెత్త లెక్క చూసుకుని వెళ్తే

పెంచలకోన, భైరవకోన కొండల్లోని గుళ్లు, మైపాడు సముద్రం ఒడ్డు. నెల్లూరు నుంచి పొద్దున్నే బయల్దేరితే ఈ మూడింటిలో ఏ ఒక్కదానికైనా వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు. మూడు చోట్లా చెత్త పేరుకునే తీరు మాత్రం వేరు. కొండల్లో దాన్ని చెదరగొట్టేవి కోతులు, వాగులు. సముద్రం ఒడ్డున ఆ పని గాలిది. అందుకే సర్దుకోవాల్సిన సామాను కూడా మారుతుంది.

పెంచలకోనలో డబ్బాలో వేసింది డబ్బాలో ఉండదు. తిండి వాసన తగిలితే చాలు, కోతులు సంచి చింపి కవర్లన్నీ పైకి లాగేస్తాయి. డబ్బా నిండిపోయిందని పక్కన మూట పెట్టి రావడం మరీ నష్టం. అన్నం అంటిన కవరును పశువులు అలాగే మింగుతాయి, అది పొట్టలో చుట్టుకుపోతుంది. వాన పడితే మిగిలింది వాగులో కలుస్తుంది. చుట్టూ ఉన్న వెలికొండలు పెనుశిల నరసింహ అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో నిప్పు పెట్టడం నేరం. కాబట్టి పొయ్యి పెట్టి వండుకోవాలన్న ఆలోచన ఇంటి దగ్గరే మానుకోండి. శనివారాలు, బ్రహ్మోత్సవాల రోజులు వదిలేసి మామూలు రోజున వెళ్తే కోన కోనలా కనిపిస్తుంది. గుడి దగ్గర వసతి గదులున్నాయి. గది తీసుకునేటప్పుడే రెండు సంగతులు అడగండి: సీసాలు నింపుకోవడానికి తాగునీరు ఉందా, చెత్త ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడికి? రెండోదానికి సరైన జవాబు రాకపోతే మూట మీతోనే వెనక్కి రావాలి.

ఇక నీళ్ల లెక్క. పదిమందికి ఎండాకాలం రోజంతా తలకు మూడు లీటర్లు వేసుకుంటే 30 లీటర్లు. లీటరు సీసాలైతే 30 సీసాలు, 30 మూతలు. అదే 20 లీటర్ల క్యాన్లు రెండు, ఒక కుళాయి, తలకో స్టీలు గ్లాసు ఉంటే కొండ మీద మిగిలేది ఏమీ ఉండదు. పేపరు కప్పుల్ని నమ్మొద్దు. వాటి లోపల పల్చని ప్లాస్టిక్ పూత ఉంటుంది, కాగితం నానిపోయినా ఆ పొర మిగిలిపోతుంది. ప్లాస్టిక్ పళ్లేలు, చెంచాలు, గ్లాసులు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు ఆ జాబితాలో లేవు గనక వాటి సంగతి మనమే చూసుకోవాలి.

కార్తీకంలో వనభోజనాలకు 50 మంది వెళ్తున్నారనుకుందాం. విస్తరాకులు 60 తీసుకెళ్లండి. అడ్డాకైనా అరిటాకైనా పర్వాలేదు, ప్లాస్టిక్ పూత ఉన్నది మాత్రం వద్దు. తిన్న ఆకుల్ని అడవిలో పాతిపెడితే మట్టే కదా అనుకుంటారు. అడవి పందులు, కుక్కలు ఆ రాత్రికే తవ్విపోస్తాయి. తడి చెత్తకు గట్టి మూత ఉన్న పెద్ద బకెట్లు రెండు, పొడి చెత్తకు గోనె సంచులు రెండు ఉండాలి. బండి మాట్లాడుకునేటప్పుడే డ్రైవరుకు చెప్పాలి: “అన్నా, తిరిగొచ్చేటప్పుడు బకెట్లు, సంచులు కూడా వస్తాయి.” చాలా బృందాలు తప్పేది ఇక్కడే. చెత్తంతా శ్రద్ధగా ఏరతారు, వాసనొస్తుందని డ్రైవరు ఒప్పుకోడు, సంచి రోడ్డు పక్కన మిగిలిపోతుంది. తడిదీ పొడిదీ విడిగా ఉండి మూత బిగిస్తే ఆ పేచీ రాదు. దారిలో పల్లెల దగ్గర దించొద్దు, నెల్లూరు దాకా తెచ్చి మున్సిపల్ బండికే ఇవ్వండి.

భైరవకోన మూడింటిలోకీ సున్నితమైన చోటు. కొండరాయిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం, అన్నీ ఇరుకు లోయలో. స్నానాల దగ్గర మిగిలేవి షాంపూ ప్యాకెట్లు, సబ్బు కాగితాలు, విడిచిన తడి బట్టలు. రాళ్ల సందుల్లో ఇరుక్కున్న ప్యాకెట్టు చేతికి అందదు. ధార సన్నగా ఉన్న నెలల్లో సబ్బు నురగ గుంటల్లోనే నిలిచి చేపలకూ కప్పలకూ చేటు చేస్తుంది. ఒంటి మీద నీళ్లు పోసుకుంటే చాలు, తలంటు ఇంట్లో కానివ్వండి. దీపాలు వదలాలంటే థర్మోకోల్ వద్దు, అరటి దొప్ప చాలు. గుహల గోడల మీద పేర్లు రాసేవాళ్లను ఆపడం అందరి పని, సుద్దముక్క గీత కూడా శిల్పం గరుకులోకి దిగి ఓ పట్టాన పోదు. కార్తీక పౌర్ణమికి పెద్ద బృందంగా వెళ్లడం మా దృష్టిలో తప్పు, ఆ లోయ అంతమందిని మోయలేదు. మరుగుదొడ్డి దొరక్కపోతే నీటికి 200 అడుగుల దూరంలో జానెడు లోతు గొయ్యి తీసి కప్పేయాలి. పిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు మాత్రం పాతకూడదు, కాగితంలో చుట్టి మూత డబ్బాలో వెనక్కి తేవాలి.

మైపాడు సులువు. నెల్లూరుకు దగ్గర, తినడానికి దొరుకుతుంది, బసకూ ఇబ్బంది లేదు. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. ఖాళీ కప్పు కూర్చున్న చోట ఉండదు, వెనక సరుగుడు తోపుల్లోకి పోతుంది. లేచేముందు నీళ్ల వైపు కాదు, తోపు వైపు వెతకండి. చాపకు నాలుగు మూలలా బరువు పెట్టుకోండి. బోండాం తాగాక రెండుగా చీల్పించండి, లేకపోతే అందులో వాన నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి. ఈ తీరంలో చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. కవరును జెల్లీ చేప అనుకుని తినేవీ అవే. జనవరి నుంచి మే దాకా రాత్రిళ్లు ఇసుకలో టార్చిలు, మంటలు వద్దు. గుడ్ల నుంచి వచ్చిన తాబేలు పిల్లలు సముద్రం వెలుగును చూసి నడుస్తాయి, మన లైటు కనిపిస్తే అటు తిరుగుతాయి.

పక్క బృందం పారేస్తుంటే గద్దించడం వల్ల ఫలితం తక్కువ. ఓ సంచి అదనంగా పెట్టుకుని, “అన్నా, ఇది ఉంచండి, పోయేటప్పుడు మా బండిలో వేసేద్దాం” అంటే ఎక్కువమంది తీసుకుంటారు. సంచి ముందే చేతికిస్తే పని జరుగుతుంది, తిన్నాక ఇస్తే సగం చెత్త అప్పటికే ఇసుకలో ఉంటుంది.