పోస్టు డబ్బా కోసమైనా చూడాల్సిన స్పై మ్యూజియం

వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాలు ఫ్రీ కానీ ఇంటర్నేషనల్ స్పై మ్యూజియానికి టికెట్ కొనాలి. 2019లో లాంఫాంట్ ప్లాజాకి మారారు, మెట్రో దిగితే దగ్గరే. వెళ్లగానే మనకో మారుపేరు ఇస్తారు, పిల్లలకి అదే పండగ. మావాడు బయటికొచ్చేదాకా నన్ను నాన్నా అనలేదు.

నాకు టికెట్ డబ్బులు గిట్టుబాటయింది మాత్రం ఒక పాత పోస్టు డబ్బా దగ్గర. అమెరికా గూఢచార సంస్థ సీఐఏ జీతం తింటూ 1985 నుంచి సోవియట్ వాళ్లకి రహస్యాలు అమ్ముకున్న ఆల్డ్రిచ్ ఏమ్స్ దీని మీదే సుద్దముక్కతో గీత గీసి కబురు పెట్టేవాడు. 5,40,000 డాలర్లు పెట్టి అప్పు లేకుండా ఇల్లు కొన్నాడు, జాగ్వార్ కారులో ఆఫీసుకొచ్చేవాడు, అయినా దొరకడానికి 1994 ఫిబ్రవరి దాకా పట్టింది! బ్యాంకులో రిటైరైన మా నాన్న ఇది విని, "మా బ్రాంచిలో అయితే ఆడిటర్ వారంలో పట్టేసేవాడ్రా" అన్నారు.

నిజానికి పట్టించింది బ్యాంకు లెక్కలే. ఏమ్స్ సోవియట్ దౌత్యవేత్తతో లంచ్ చేసిన తేదీల పక్కన డిపాజిట్ల తేదీలు పెట్టి చూసింది సీఐఏలోని సాండీ గ్రైమ్స్. కాకపోతే అంతకుముందు చాలా ఏళ్లు సీఐఏ, దేశంలోపల గూఢచారుల్ని పట్టే ఎఫ్‌బీఐ ఎవరి గుట్టు వాళ్లు దాచుకున్నారు, 1991లో ఇద్దరు ఎఫ్‌బీఐ వాళ్లు వచ్చి సీఐఏ ఆఫీసులో కూర్చున్నాకే పని ఊపందుకుంది. ఆ తర్వాత ఎఫ్‌బీఐ వాళ్లు రాత్రిపూట అతని ఇంటి చెత్తబుట్ట ఎత్తుకెళ్లి, చింపేసిన చీటీ ముక్కలు అతికించి చదివారు.

ఇంటికొచ్చి ఇంకా చదివాను. 1993 అక్టోబర్‌లో ఏమ్స్ ఇల్లు సోదా చేసింది అటార్నీ జనరల్ సంతకం మీదే, జడ్జి వారెంట్ లేదు. కోర్టులో నిలుస్తుందా అని ప్రభుత్వానికి టెన్షన్, కానీ అతను నేరం ఒప్పేసుకోవడంతో విచారణ దాకా రాలేదు. 1994లోనే అమెరికా కాంగ్రెస్ ఒకే చట్టంలో రెండు పనులు చేసింది. ఇలాంటి సోదాలని ఫైసా అనే చట్టం కింద నడిచే రహస్య కోర్టు పరిధిలోకి తెచ్చింది, రహస్యాలు బయటి దేశానికి పోయాయని అనుమానం వస్తే ఏ శాఖైనా వెంటనే ఎఫ్‌బీఐకి చెప్పి తీరాలంది. క్లింటన్ కూడా అందరినీ ఒకచోట కూర్చోబెట్టే కేంద్రం ఒకటి పెట్టించాడు. ఇంత చేశాక 2001లో రష్యాకి రహస్యాలు అమ్మి దొరికిన రాబర్ట్ హాన్సెన్ ఎఫ్‌బీఐ మనిషే! దానికి ముందు అతని బదులు ఏ పాపం ఎరగని సీఐఏ ఆఫీసర్‌ని ఏళ్ల తరబడి అనుమానించారు, అది ఇంకా ఘోరం.

టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, మూడు గంటలైనా చేతిలో పెట్టుకోండి. ఆ డబ్బా దగ్గర్నుంచి మా నాన్నని కదిలించడానికే నాకు పావుగంట పట్టింది.