చెన్నై ఒడ్డున ప్రాణమున్న గవ్వలు

సంక్రాంతి సెలవులకి నెల్లూరు నుంచి అక్క కూతురు వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. మైపాడులో ఏరిన గవ్వలన్నీ చూసేసిందట, చెన్నైవి కావాలంది. వేళచ్చేరిలో పదకొండేళ్లుగా ఉంటున్నా, మెరీనాకి వెళ్లి బజ్జీలు తిని రావడమే తప్ప నేనెప్పుడూ ఇసుక వైపు సరిగా చూడలేదు. మెరీనాలో జనం తొక్కిడికి గవ్వ అన్నది మిగలదు కాబట్టి దాన్ని వదిలేసి, మూడు రోజుల్లో మూడు ఒడ్లు తిరిగాం.

మొదటిది బెసంట్‌నగర్ ఎలియట్స్ బీచ్. ఎంఆర్‌టీఎస్ రైల్లో తిరువాన్మియూర్ దిగి ఆటో ఎక్కితే పది నిమిషాలు. ఉదయం ఆరింటికి ష్మిట్ స్మారకం చుట్టూ వాకింగ్ చేసేవాళ్లే. పైన ఎండిన ఇసుకలో అన్నీ ముక్కలు. అయితే అల వెనక్కి తగ్గే చోట కూర్చుంటే అసలు సంగతి కనిపించింది. గోరంత ముక్కోణపు ఆల్చిప్పలు అలతో పాటు పైకి తేలి, నీళ్లు జారగానే నాలుకలాంటి పాదం బయటికి చాచి క్షణాల్లో ఇసుకలోకి దిగిపోతున్నాయి. డోనాక్స్ అంటారు వాటిని. దోసిట్లోకి ఇసుకతో సహా తీసుకుంటే అరచేతిలోనే తవ్వుకుంటూ పోతాయి. ఆ చక్కిలిగింతకి పిల్ల గంటసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

తర్వాత ఒక ఖాళీ చిప్ప చూపించి, "పిన్నీ, దండ గుచ్చడానికి దీనికి బెజ్జం ఎవరు పెట్టారు?" అని అడిగింది. మిషన్‌తో తొలిచినంత గుండ్రటి రంధ్రం, పై అంచు కాస్త వెడల్పుగా. మూన్ స్నెయిల్ అనే నత్త చేసే పని అది. ఆల్చిప్పని పాదంతో చుట్టేసి, ఆమ్లం లాంటి ద్రవంతో పెంకుని మెత్తబరుస్తూ, ఆకురాయిలాంటి నాలుకతో గీకి గీకి తొలిచి, లోపలి మాంసం తినేస్తుంది. ఆ రోజు ఏరిన చిప్పల్లో చాలావాటికి అదే గుర్తు.

రెండో రోజు కోవళం. నగరానికి దక్షిణంగా నలభై కిలోమీటర్లు, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద బస్సులు బాగానే ఉన్నాయి. స్టాప్ నుంచి ఒడ్డుకి ఆటో అతను అడిగిన డబ్బు మాత్రం బస్సు టికెట్‌కి నాలుగింతలు. సామాను తక్కువైతే నడిచిపోవచ్చు. రాత్రికి జాలర్ల వీధి దగ్గర ఒక హోమ్‌స్టేలో పద్దెనిమిది వందలకి గది తీసుకున్నాం. ఫోన్‌లో 'సీ వ్యూ' అన్నారు, సముద్రం కనిపించింది మేడ ఎక్కాకే. వేడినీళ్లు రాలేదు. ఇసుక కాళ్లు కడుక్కోవడానికి గుమ్మం దగ్గర ఒక కుళాయి ఉంటే ఎంతో బాగుండేది. అయినా మళ్లీ అక్కడే దిగుతాను. ఒడ్డుకి రెండు నిమిషాలు, పైగా ఇంటావిడ వేయించి పెట్టిన చేపలు.

కోవళానికి 2021లో బ్లూ ఫ్లాగ్ అనే, శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఆ భాగంలో మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకి అదే పెద్ద సుఖం. గవ్వలకి మాత్రం పడవలు ఆగే వైపు నడవాలి. చెన్నైలో ఆటుకీ పోటుకీ తేడా దాదాపు మీటరే, అందుకని సముద్రం బాగా వెనక్కి పోతుందని ఎదురుచూడొద్దు. ఫోన్‌లో ఆటు వేళ చూసుకుని గంట ముందు వెళ్తే చాలు.

తడి ఇసుక మీద వేలితో గీసినట్టు సన్నటి గాడి కనిపించింది. దాని వెంటే వెళ్తే చివర చిన్న ఉబ్బు, దాని కింద నున్నగా మెరిసే ఆలివ్ నత్త. పక్కనే రబ్బరు ముక్క అనుకుని పారేయబోయినది మూన్ స్నెయిల్ గుడ్ల పట్టీ. ఇసుకని జిగురుతో కలిపి కాలర్‌లా చుట్టి అందులో గుడ్లు పెడుతుందది. పిల్ల జేబులో వేసుకున్న ఒక శంఖం నడవడం మొదలుపెట్టింది. "పిన్నీ, ఎండ్రకాయ!" అని కేక. సన్యాసి పీతకి సొంత పెంకు ఉండదు, పెరిగేకొద్దీ ఇంకో పెద్ద ఖాళీ శంఖం వెతుక్కుంటుంది. మనం సంచుల కొద్దీ ఏరుకుపోతే దానికి ఇల్లు దొరకదు. అది విన్నాక తనే సంచి కుమ్మరించి, పది మాత్రం ఉంచుకుంది.

రెండు జాగ్రత్తలు. ఐస్‌క్రీమ్ కోన్ ఆకారంలో ఉన్న శంఖం ప్రాణంతో ఉంటే ముట్టుకోకండి, విషపు ముల్లుతో పొడుస్తుంది. నీలం బుడగల్లా కొట్టుకొచ్చే, జెల్లీచేపల్లాంటి బ్లూ బాటిల్స్ ఎండినట్టున్నా కుడతాయి.

పడవల దగ్గర వలల్లోంచి పీతలు తీస్తూ, ముళ్ల శంఖాలని ఇసుక మీదికి విసిరేస్తున్నారు. సగం ఇంకా కదులుతున్నాయి. మేం బకెట్‌లో వేసి నీళ్లలో వదిలితే అల మళ్లీ ఒడ్డుకే తోసింది. వేటకి బయల్దేరుతున్న ఒకాయన అది చూసి బకెట్ అందుకుని, అలలు దాటాక గుమ్మరిస్తానన్నాడు. మధ్యాహ్నం ఖాళీ బకెట్ తెచ్చి ఇచ్చాడు కూడా.

మూడో రోజు మహాబలిపురం. అక్కడి సీషెల్ మ్యూజియం తప్పక చూడాలి, ఒడ్డున దొరికిన ముక్క ఏ శంఖానిదో అక్కడ పూర్తి రూపంలో తెలుస్తుంది. వీధి దుకాణాల్లో శంఖాలు మాత్రం నన్ను కలవరపెట్టాయి. అంచు చెదరకుండా, రంగు వెలవకుండా ఉన్నవి చాలావరకు ప్రాణంతో పట్టినవే, ఆసిడ్‌లో కడిగి మెరుగు పెడతారు. నాటిలస్, కొమ్ముల హెల్మెట్ శంఖం లాంటివి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి, కొంటే చిక్కు. మెరిసే ముళ్ల శంఖం ఒకటి పట్టుకుని, "ఇది చచ్చిపోయాక దొరికిందా?" అని పిల్ల దుకాణదారుని అడిగింది. ఆయనకి తెలుగు అర్థం కాలేదు, నేను తమిళంలో చెప్పలేదు. పక్క కొట్లో నూట ఇరవై పెట్టి రాతి తాబేలు కొనుక్కుని బస్సెక్కాం.