నెట్ మీటర్ రాకముందే సోలార్ ఆన్ చేయనివ్వకండి, డబ్బు మొత్తం కట్టేయకండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంటి మీద సోలార్ పెట్టించుకుందామని కొటేషన్లు తీసుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేడ మీద ప్యానెళ్లు బిగించగానే పని అయిపోయినట్టు కనిపిస్తుంది. వెండర్ కూడా అలాగే మాట్లాడి మిగతా డబ్బు అడుగుతాడు. కానీ కరెంటు ఆఫీసువాళ్లు వచ్చి చూసి నెట్ మీటర్ (లోపలికి వచ్చిన కరెంటుని, బయటికి పోయిన కరెంటుని విడివిడిగా లెక్కపెట్టే మీటర్) బిగించేదాకా ఆ ప్యానెళ్ల వల్ల మనకి ఒరిగేదేమీ లేదు, పైగా మాకు జరిగినట్టు బిల్లు పెరిగే ప్రమాదం ఉంది. మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి వెండర్ పేరు రాయడం లేదు. పేరు కంటే వాళ్ల పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే మా వీధిలో అడిగితే వేరే వెండర్ల దగ్గర ఇలాగే ఇరుక్కున్నవాళ్లు ఇంకా ఉన్నారు.

మాది విజయవాడ భవానీపురం. కరెంటు సర్వీసు మా మామగారి పేరు మీద ఉంది, ఆయన పోయి కొన్నేళ్లయింది. ఈ సంగతి వెండర్ తరఫున వచ్చిన అబ్బాయికి మొదటిరోజే చెప్పాం, బిల్లు కూడా చేతికిచ్చాం. "ఏం పర్లేదు మేడమ్, అదంతా మేం చూసుకుంటాం, మీరు సంతకాలు పెడితే చాలు" అన్నాడు. పచ్చి అబద్ధం. ఇంటి సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం పోర్టల్‌లో దరఖాస్తు సర్వీసు నంబరు మీదే నడుస్తుంది, ఆ సర్వీసు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే దరఖాస్తుదారు, పని పూర్తయ్యాక సబ్సిడీ వచ్చేది కూడా వాళ్ల బ్యాంకు ఖాతాలోకే. చనిపోయినవారి పేరు మీద అది ముందుకి కదలదు. కాబట్టి మీ ఇంట్లో సర్వీసు తాతగారి పేరు మీదో, ఇల్లు అమ్మిన పాత ఓనరు పేరు మీదో ఉంటే ముందు పేరు మార్పు చేయించుకోండి, ఆ తర్వాతే వెండర్‌ని పిలవండి. మన దగ్గర ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి, బిల్లు మీద ఎవరి పేరు ఉందో ఏళ్ల తరబడి ఎవరూ చూడరు.

తర్వాత కెపాసిటీ దగ్గర మొదలుపెట్టారు. మా వాడకం నెలకి 280 యూనిట్ల దాకా ఉంటుంది, ఎండాకాలం ఏసీ వేస్తే ఇంకాస్త ఎక్కువ. మన ఎండకి ఒక కిలోవాట్ రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, అంటే 3 కిలోవాట్లకి నెలకి 360 యూనిట్ల వరకు వస్తాయి, మాకు అది సరిపోతుంది. అతను మాత్రం 5 కిలోవాట్లు పెట్టుకోండి, సబ్సిడీ లక్ష దాటుతుంది, మిగిలిన కరెంటు అమ్ముకుని నెలనెలా డబ్బులు తీసుకోవచ్చు అని వదలకుండా చెప్పాడు. లెక్క ఇది: మొదటి 2 కిలోవాట్లకి ఒక్కోదానికి 30,000, మూడో కిలోవాట్‌కి 18,000, మొత్తం 78,000. మీరు 3 పెట్టినా 5 పెట్టినా 10 పెట్టినా అంతే, కేంద్రం సబ్సిడీ అక్కడితో ఆగిపోతుంది. ఇక మన దగ్గర గృహ వినియోగానికి టారిఫ్ శ్లాబుల్లో ఉంటుంది కదా, 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆ పైన 9.75. సోలార్ యూనిట్లు ముందు ఈ పై శ్లాబులనే తగ్గిస్తాయి, అసలు ఆదా అక్కడే. మన వాడకం కంటే ఎక్కువ తయారై గ్రిడ్‌కి, అంటే బయటి కరెంటు లైన్‌లోకి వెళ్లి మిగిలిపోయిన యూనిట్‌కి ఈ 8.75 ఎవరూ ఇవ్వరు, దానికి వచ్చే రేటు చాలా తక్కువ. అందుకే మేం 3 దగ్గరే ఆగాం. మీరు కూడా ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని లెక్క వేసుకోండి, వెండర్ చెప్పిన కెపాసిటీతో మొదలుపెట్టకండి.

ఇప్పుడు అసలు సంగతి. మెటీరియల్ దిగగానే తొంభై శాతం కట్టాలనేది వాళ్ల షరతు. బిగింపు చకచకా అయిపోయింది. ఆ తర్వాత మనిషి కనిపిస్తే ఒట్టు. దరఖాస్తు ఎంతవరకు వచ్చిందని అడిగితే వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు, పైన అప్రూవ్డ్ అని ఆకుపచ్చ అక్షరాలు. మా ఆయన దాన్ని పెద్దది చేసి చూస్తే అందులో ఉన్న 13 అంకెల సర్వీసు నంబరు మాది కాదు. వేరే ఎవరిదో దరఖాస్తు మాకు పంపి నోరు మూయించాలని చూశాడు. నిలదీస్తే మాట మార్చి, ఫైలు కరెంటు ఆఫీసులో ఆగింది, అక్కడ కొంత ఖర్చవుతుంది, నగదు ఇస్తే రెండు రోజుల్లో అయిపోతుంది అన్నాడు. ఇది విన్నప్పుడు చాలా కోపం వచ్చింది. 2024లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలు మార్చింది, 10 కిలోవాట్ల వరకు ఇంటి సోలార్‌కి టెక్నికల్ ఫీజిబిలిటీ స్టడీ (అక్కడి లైన్‌కి ఆ సోలార్ కలపొచ్చో లేదో చూసే పరిశీలన) అవసరమే లేదు, ఆమోదించినట్టే లెక్క. మా పేరు మీద అసలు దరఖాస్తే లేనప్పుడు ఏ ఫైలు, ఎక్కడ ఆగుతుంది?

ఈలోపు ఒకరోజు వాళ్ల టెక్నీషియన్ వచ్చి "టెస్టింగ్ చేయాలి" అని ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) ఆన్ చేసి, అలాగే ఉంచండి, కరెంటు వృథా ఎందుకు, మీకు బిల్లు తగ్గుతుంది అని చెప్పి వెళ్లాడు. నెల తిరిగాక వచ్చిన బిల్లులో యూనిట్లు రెట్టింపుకి దగ్గరగా ఉన్నాయి, 400 దాటి చివరి శ్లాబులోకి పోయింది. మీటర్ పాడైందేమో అనుకుని ఫోన్ చేస్తే మధ్యాహ్నం లైన్‌మన్ వచ్చాడు. రాగానే మేడ మీదికి చూసి "సోలార్ ఆన్‌లో ఉందా అమ్మా?" అని అడిగాడు. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు అన్నీ ఆపేయమన్నాడు. ఆపేశాం. మీటర్ మీద ఎర్ర లైట్ మాత్రం ఆగకుండా టకటకా కొట్టుకుంటూనే ఉంది, ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగడం లేదు. అప్పుడు సోలార్ ఎంసీబీ (సోలార్ లైన్‌ని ఆపే స్విచ్) దించాడు. లైట్ ఆగిపోయింది. "మీరు బయటికి పంపిన కరెంటుని ఈ మీటర్ మీరు వాడినట్టు లెక్కేస్తోందమ్మా" అన్నాడు.

అందరూ తెలుసుకోవాల్సింది ఇదే. మామూలు ఎలక్ట్రానిక్ మీటర్‌కి కరెంటు ఎటు పోతోందన్న తేడా తెలియకపోవచ్చు. కొన్ని బయటికెళ్లిన యూనిట్లను అసలు లెక్కపెట్టవు, అప్పుడు మనం గ్రిడ్‌కి ఊరికే ఇచ్చినట్టు. కొన్ని వాడకంలో కలిపేస్తాయి, అప్పుడు మన కరెంటుకి మనమే ఎదురు డబ్బు కడతాం. నెట్ మీటర్‌లో మాత్రమే లోపలికి వచ్చింది ఒక రీడింగ్‌గా, బయటికి పోయింది ఇంకో రీడింగ్‌గా విడివిడిగా ఉంటాయి. పైగా అనుమతి లేకుండా గ్రిడ్‌కి కలపడం నిబంధనలకి విరుద్ధం, ఆ బాధ్యత సర్వీసు ఉన్న ఇంటివాళ్ల మీద పడుతుంది, వెండర్ మీద కాదు. టెస్టింగ్ అన్నా, వారంలో మీటర్ వస్తుందన్నా ఒప్పుకోకండి.

ఇంత జరిగాక ప్యానెళ్ల మీద కూడా అనుమానం వచ్చింది. సబ్సిడీ రావాలంటే ప్యానెళ్లు డీసీఆర్ అయి ఉండాలి, అంటే ప్యానెల్ మాత్రమే కాదు, లోపలి సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే కావాలి. ఇవి మామూలు వాటికంటే ఖరీదు. మా కొటేషన్‌లో డీసీఆర్ అనే రాశారు. ప్రతి ప్యానెల్ మీద అద్దం లోపల బార్‌కోడ్‌తో పాటు సీరియల్ నంబరు ఉంటుంది, పైన అంటించిన స్టిక్కర్ అయితే మార్చేయొచ్చు గానీ ఇది మార్చలేరు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు మేడెక్కి వాటన్నిటినీ ఫోటోలు తీసి ప్యానెళ్ల కంపెనీకే మెయిల్ పెట్టాం. ఇవి డీసీఆర్ కాదని జవాబు వచ్చింది. డీసీఆర్ ధర తీసుకుని మామూలు ప్యానెళ్లు బిగించారు, ఇప్పుడున్న ప్యానెళ్లతో మాకు 78,000 రానట్టే. కాబట్టి సరుకు లారీ దిగుతున్నప్పుడే, పైకి మోయకముందే సీరియల్ నంబర్లు ఫోటో తీసి, అవే నంబర్లు ఉన్న డీసీఆర్ సర్టిఫికెట్ అడగండి. "తర్వాత పంపిస్తాం" అంటే సరుకు కిందే ఉండనివ్వండి.

కరెంటు పోయినా సోలార్‌తో ఫ్యాన్లు తిరుగుతాయని కూడా కొందరు చెప్పి అమ్ముతున్నారు. బ్యాటరీ లేకుండా బయటి లైన్‌కి కలిపి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు పోగానే తనంతట తనే ఆగిపోతుంది, ఎంత ఎండ ఉన్నా సరే. స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని పెట్టిన రక్షణ అది, ఉండి తీరాలి. బ్యాకప్ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ వేరుగా కొనాలి, బ్యాటరీకి సబ్సిడీ లేదు.

ఇంకో మాట, విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట వైపు ఉన్నవాళ్లు ఇన్వర్టర్‌ని కింద మెట్ల దగ్గర బిగించనివ్వకండి. వైరు మిగులుతుందని వాళ్లు కిందే పెడతామంటారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

డబ్బు విషయంలో నా గట్టి మాట: చేతిలో పది శాతమే మిగిలితే వెండర్ మన ఫోన్ ఎత్తడు. అడ్వాన్స్ కొద్దిగా, డీసీఆర్ కాగితాలతో సరుకు దిగాక కొంత, బిగింపు అయ్యాక కొంత, కనీసం పాతిక శాతం మాత్రం నెట్ మీటర్ పెట్టి రీడింగ్ మొదలయ్యాకే అని అగ్రిమెంట్‌లో రాయించండి. దీనికి ఒప్పుకునే వెండర్లు ఉన్నారు, మా బంధువులకి గుంటూరులో అలాగే చేశారు. కొటేషన్‌లో జీఎస్టీ కూడా చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద 12 శాతం కాస్తా 5 శాతం అయింది, ఇంకా పాత రేటు వేసేవాళ్లుంటే అడగండి. సబ్సిడీ మా ఖాతాలోకి వస్తుంది, ముందే చెక్కు రాసివ్వండి, ఓటీపీ చెప్పండి అనేవాళ్లని గుమ్మం దగ్గరే ఆపేయండి. పోర్టల్ లాగిన్ మీ ఫోన్ నంబరుతోనే ఉండాలి, అప్పుడు దరఖాస్తు ఏ దశలో ఉందో ఎవర్నీ అడగక్కర్లేదు.

మేం ఎంసీబీ దించి ఉంచాం. సర్వీసు మా అత్తగారి పేరుకి మార్చుకున్నాం, దరఖాస్తు మేమే మా ఫోన్‌లో పెట్టుకున్నాం. ప్యానెళ్లు మార్చాలని వెండర్‌కి నోటీసు ఇచ్చాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు. మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కొటేషన్, డబ్బు కట్టిన రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు, సీరియల్ నంబర్ల ఫోటోలు ఏవీ డిలీట్ చేయకండి. వెండర్ ఫోన్లో ఏం చెప్పినా, అదే మాట మెసేజ్‌లో పెట్టమని అడగండి.