చలం ‘మైదానం’ కొత్త ప్రింట్: నవలకి ఐదు, అచ్చుకి రెండే

చలం పుస్తకాలు మా ఇంట్లో బీరువాలో చీరల కింద ఉండేవి. ‘మైదానం’ కూడా పెద్దమ్మ చీరల కింద నుంచి తీసి ఇంటర్లో దొంగచాటుగా చదివిందే. ఆ కాపీ అట్ట ఎప్పుడో ఊడిపోయింది, అందుకే మొన్న ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించాను. కాగితం మందంగా ఉంది, అక్షరాలు పెద్దవి, బైండింగ్ గట్టిది. మంచి మాటలు ఇంతవరకే.

అచ్చుతప్పులు ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, సరే. కానీ చలాన్ని అచ్చువేసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. గ్రాంథికం ఇంకా గద్దె దిగని రోజుల్లో, 1927లో, మొగుణ్ణి వదిలి అమీర్‌తో వెళ్లిపోయిన ఒక ప్లీడరు భార్య చేత, మనం మాట్లాడుకునే తెలుగులో తన కథ తనే చెప్పించాడాయన. పొట్టి పొట్టి వాక్యాలు, మధ్యలో ఆగడం, మళ్లీ అందుకోవడం, రాజేశ్వరి గొంతంతా అందులోనే ఉంది. ఈ ప్రింట్‌లో ఒకచోట కొటేషన్లు ఎగిరిపోయి అమీర్ మాట, ఆమె మాట ఒకే పేరాలో కలిసిపోయాయి. ఇంకోచోట ‘వద్దు’ కాస్తా ‘వద్ద’ అయి కూర్చుంది. ఆ ఒక్క కొమ్ము పోతే ఒక ఆడమనిషి కాదన్న మాటే పోయింది, ఇది చిన్న తప్పు ఎలా అవుతుంది?

పైగా ముందుమాట లేదు. అట్ట వెనక ‘సంచలన నవల’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. కొత్తగా చదివే పిల్లలు దీన్ని బూతు పుస్తకం అనుకుంటే తప్పెవరిది? తండ్రి చేతిలో తల్లి పడ్డ బాధలు చూస్తూ పెరిగాడని, కాకినాడ కాలేజీ రోజుల్లో సంఘసంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వెళ్లాడని, స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఊళ్లు తిరిగాడని, సంఘం దూరం పెట్టినా రాయడం మానలేదని, 1950లో బెజవాడ వదిలి అరుణాచలం వెళ్లి 1979లో పోయేదాకా అక్కడే ఉన్నాడని రెండు పేజీల్లో చెప్పొచ్చు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కి ‘యోగ్యతాపత్రం’ అని ముందుమాట రాసిచ్చిన మనిషి పుస్తకానికి ముందు నాలుగు మాటలు రాసే దిక్కు లేకపోవడం నిజంగా బాధేసింది.

నవల మాత్రం ఇప్పటికీ కుదిపేస్తుంది. అయితే ఇంటర్లో కనపడనిది ఈసారి కనపడింది: అంత తెగించి బయటికొచ్చిన రాజేశ్వరి, కడుపులో బిడ్డ విషయంలో కూడా అమీర్ ఇష్టాయిష్టాల చుట్టూనే తిరగడం నాకు మింగుడుపడలేదు. తర్వాత వచ్చిన స్త్రీవాద రచయితలు చలాన్ని నెత్తిన పెట్టుకుంటూనే ఆయనతో ఎందుకు గొడవపడ్డారో ఇప్పుడు అర్థమైంది.

పాత ప్రింట్ దొరికితే అదే కొనండి. నేను పెద్దమ్మ కాపీ పక్కన పెట్టుకుని, పెన్సిల్‌తో ఒక్కో తప్పూ దిద్దుకుంటూ చదువుతున్నాను, ఇప్పటికి సగం అయింది.