యూఎస్‌బీ వైఫై అడాప్టర్‌ డ్రైవర్: డబ్బాలోని సీడీనా, విండోస్ అప్‌డేటా?

ఊరూపేరూ లేని అడాప్టర్ కొన్నవాళ్లందరికీ ఇదే చిక్కు: నెట్ రావాలంటే డ్రైవర్ (అడాప్టర్‌ను విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) కావాలి, డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి.

ఖర్చు: సీడీ ఉచితమే, కానీ ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవే ఉండదు. అప్‌డేట్‌కు ఫోన్ డేటా చాలు.

శ్రమ: సీడీలో సెటప్ నొక్కితే సరి. అప్‌డేట్‌కైతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (కేబుల్ ద్వారా ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, విండోస్ అప్‌డేట్‌లో, చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కాలి. ఆప్షనల్ అప్‌డేట్స్ కూడా చూడండి. అయినా దొరక్కపోతే టెన్షన్ వద్దు. డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా) పసుపు గుర్తున్న పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. వీఐడీ (తయారీ కంపెనీ కోడ్) పక్కన 0బీడీఏ ఉంటే లోపలి చిప్ రియల్‌టెక్ కంపెనీది, 148ఎఫ్ ఉంటే రాలింక్‌ది. డబ్బా మీద ఏ పేరున్నా డ్రైవర్ వెతకాల్సింది ఆ చిప్‌కే.

రిస్క్: సీడీలో ఏళ్లనాటి డ్రైవర్ ఉండొచ్చు, అందులో ఇంకేం కలిపారో తెలియదు. అప్‌డేట్‌లో వచ్చేది మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉన్న డ్రైవర్. నేను దాన్నే నమ్ముతాను.

సీడీ డ్రైవ్ ఉన్న పాత విండోస్ 7 డెస్క్‌టాప్ అయితే సీడీ వేసుకోండి, ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేసి. విండోస్ 10, 11 అయితే ఆ సీడీని డబ్బాలోనే ఉంచి, ఫోన్ కేబుల్‌తో కలిపి అప్‌డేట్ చేసుకోండి.